ఐసు పాకలో కాపురం

ధవళేశ్వరం రేవులో చేపలు కొని రాజమండ్రికి పంపే వ్యాపారం నాది. లెక్కలో నన్ను మించినవాడు రేవులో లేడని పేరు. ఆ పేరు పెట్టుకున్నదీ నేనే.

మరిడమ్మ తన చేపలు నాకే వేసేది. ఆమె పుట్టిందీ, కాపురం చేస్తున్నదీ పడవలోనే. ఆ వేసవిలో గట్టెక్కడానికే ఆయాసపడుతుంటే ఆస్పత్రికి తీసుకెళ్లాను. గుండెలో కవాటం పాడైందన్నారు. తెల్లకార్డు ఉంటే ఆపరేషన్ ఉచితం, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుందన్నారు. కార్డు రావాలంటే డోరు నంబరు కావాలి. పడవకు డోరే లేదు.

నా ఐసు పాకకు మాత్రం ఉంది. ఇళ్లు లెక్కపెట్టడానికి వచ్చినవాళ్లు తలుపు కనిపించింది కదా అని దానిమీద రంగుతో నంబరు వేసి పోయారు. మనుషులు లేనిచోట నంబరు, నంబరు లేనిచోట మనుషులు. రెండూ కలిపితే సరి. ఇంత చిన్న లెక్క ప్రభుత్వానికి తట్టలేదేమా అని నవ్వుకుంటూ, పాక మరిడమ్మకు అద్దెకిచ్చినట్టు కాగితం రాశాను.

కార్డుకు అర్జీ పెడితే, విచారణకు ఇన్‌స్పెక్టరు వస్తాడన్నారు. ఐసు కంటపడితే దుకాణమంటాడు. అందుకని ఐసంతా బయట వేయించి, ఊకతో కప్పించి, మరిడమ్మనూ ఆమె భర్త చిట్టియ్యనూ లోపల దించాను. ఇన్‌స్పెక్టరు ఆరోజు రాలేదు. మర్నాడూ రాలేదు. ఐసు కరిగి గోదాట్లో కలిసింది. కొన్న చేపలు కుళ్లాయి. మా ఆవిడ సత్యవాణి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "మీ లెక్క వాసన ఇంటిదాకా వస్తోందండి" అంది.

చివరికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన వెనకే లోపలికి వెళ్లబోయి గుమ్మంలోనే ఆగిపోయాను. నేను తెచ్చిపెట్టిన మంచం గోడకు నిలబెట్టి ఉంది. గిన్నెలన్నీ తాడుతో గుంజకు కట్టేసి ఉన్నాయి. లాంతరుకు తాడు, నీళ్ల బిందెకు తాడు. పడవ ఊగినప్పుడు దొర్లిపోకుండా చేసుకునే ఏర్పాటు, కదలని నేల మీద. అన్నీ ఆలోచించిన నేను ఇది ఆలోచించలేదు.

"గిన్నెలు కట్టేశారేంటమ్మా?" అన్నాడాయన.

నేను అబద్ధం వెతుక్కునేలోపే మరిడమ్మ చెప్పేసింది. "కట్టకపోతే నిద్దర పట్టదండి. పుట్టింది పడవలోనండి. చావడం ఇష్టంలేక గట్టెక్కేనండి."

అయిపోయిందనుకున్నాను. ఇన్‌స్పెక్టరు ఒక ముడి లాగి చూశాడు. అది ఊడలేదు.

"చూపించడానికి పెట్టిన కాపురమైతే గిన్నెలు వరసగా బోర్లిస్తారండి. ఇలా కట్టుకోరు" అని నాతో అని, రాసుకుని వెళ్లాడు. ఆయన కోసం నేను తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు.

కార్డు వచ్చింది. ఆపరేషనూ అయింది. కొన్నాళ్లు పడవ ఎక్కవద్దని డాక్టరు చెప్పడంతో వాళ్లు పాకలోనే ఉండిపోయారు. నా ఐసుకు నేనే వేరే పాక అద్దెకు తీసుకున్నాను. తొలి వానకు మరిడమ్మ కబురంపింది.

"కప్పు కారతందండి. పడవైతే మేమే చూసుకుందుమండి. ఇల్లు మీది కదండీ, ఓనరుగారూ."

ఇన్నాళ్లూ షావుకారుగారూ అనేది. టార్పాలిన్ చంకన పెట్టుకుని నిచ్చెన ఎక్కాను. కింద మరిడమ్మ నిచ్చెన పట్టుకుని, తాడు ఏ వాసానికి కట్టాలో, ముడి ఎలా వేయాలో ఆపకుండా చెబుతూనే ఉంది. నేను సగం మెట్లు ఎక్కేసరికే రొప్పుతున్నాను. ఆమె గొంతులో మాత్రం ఆయాసం లేదు.