కొక్కెర తెగులు

మైలవరం దారిలోని గుట్ట మీద నెమళ్లు మెడలు మెలికలు తిరిగి చస్తున్నాయని ఫారెస్టువాళ్లు కబురు పెడితే, జమ్మలమడుగు పశువుల డాక్టరు కృపానందం ఉసూరుమంటూ బస్సెక్కి వచ్చాడు. చచ్చినదాన్ని కోసి చూస్తే ఇంక అనుమానం లేదు, కొక్కెర తెగులే. గుట్ట కింది ఊరి కోళ్ల నుంచి పాకింది. ఊళ్లో కోళ్లన్నిటికీ టీకాలు పడితే తప్ప మిగిలిన నెమళ్లు దక్కవు.

ఊరు పేరుకే ఒకటి. పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఇంకో పార్టీ. ఆ ఏడు ఎన్నికలకు ముందే రెండు వీధుల మధ్య బాంబులు పేలాయి. అది తెలిసి కూడా, ఎండకు నోరెండిపోయి, కృపానందం ముందు కనబడిన ఇంట్లో మజ్జిగ తాగాడు. అది పైవీధి నరసింహులు ఇల్లు. ఇంకేముంది, డాక్టరు పైవీధి మనిషైపోయాడు. ఆ ఊళ్లో మనిషి పార్టీ తేలేది ఎవరింట్లో గొంతు తడుపుకున్నాడన్న దాన్నిబట్టే.

పైవీధిలో టీకాలు సాఫీగా సాగాయి. కిందివీధిలో మగవాళ్లంతా కేసులకు భయపడి పరారీలో ఉన్నారు. పెత్తనం సుబ్బరత్నమ్మది. ఆమె గడపకు అడ్డంగా కూర్చుంది.

“వాళ్లింట్లో తాగొచ్చి మా కోళ్లకు సూది పొడుస్తావా? అది మందో ఇసమో ఎవురికి తెల్సు?”

“మందేనమ్మా. వద్దంటే మానె. సచ్చిన కోళ్లను మాత్రం లోతుగా పూడ్చండి. అవి పడినచోట కోడి గానీ నెమలి గానీ మిగలదు,” అని గొంతు పోయేదాకా బతిమాలాడు. ఆమె గుచ్చిగుచ్చి అడిగి మరీ తెలుసుకుంది. ఈ మాటైనా చెవికెక్కిందని ఆయనకు కాస్త ఊరట కలిగింది. చదువుకున్న పిచ్చిమనిషి, పాపం!

వారం తర్వాత వచ్చేసరికి గుట్టంతా కంపు. పైవీధి వైపు వాలులో చచ్చిన కోళ్లు కుప్పలుగా పడి ఉన్నాయి. వాటి చుట్టూ నెమళ్లు, ఒక్కటీ ప్రాణంతో లేదు. కృపానందానికి ఏడుపొచ్చింది. ఏడ్చే ఓపిక కూడా లేక రాయి మీద కూలబడ్డాడు.

కిందివీధికి పోయి అడిగితే సుబ్బరత్నమ్మ ఏమీ దాచలేదు.

“మేమే ఏసినామప్పా. నువ్వే చెప్తివి గదా, అవి పడినచోట ఏదీ మిగలదని. మాయి ఎట్లాగూ పోయె. వాళ్లవి గూడా పోవాల గదా.”

“వాళ్ల కోళ్లకు టీకాలు ఏసినాను గదమ్మా. వాటికేం కాలేదు. సచ్చింది నెమళ్లు.”

ఆమె మొహం చిన్నబోయింది. తర్వాత గడపలోంచి లేచి దారి ఇచ్చింది.

“అట్లయితే మాగ్గూడా ఏసిపో ఆ టీకాలు.”

కృపానందం లోపలికి చూశాడు. కోళ్లగంపలన్నీ ఖాళీగా వెల్లకిలా పడి ఉన్నాయి. వాకిట్లో ఒక్క కోడీ లేదు.