బెండు గుండ్లు

రాహేలుకు తెలివి లేదనే మొనగాడు ప్రొద్దుటూరులో ఇంతవరకు పుట్టలేదు. అట్లాంటి మనిషి, ఎలక్షన్లు ఇరవై రోజులుండగా, ఒక ప్లాస్టిక్ బకెట్లో పొట్టు పోసి, ఆ పొట్టులో పురికొస చుట్టిన పిడికెడేసి ఉండలు అరవై సర్ది, పైన గోనెపట్టా కప్పి, జమ్మలమడుగు మీదుగా పులివెందులకు పోయే బస్సెక్కింది. ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు ఆ బకెట్ చూస్తే ఏం గుర్తొస్తుందో చెప్పాల్సిన పని లేదు. నాటుబాంబులూ అట్లాగే చుడతారు, అట్లాగే పొట్టులో పెడతారు, అట్లాగే గోనె కప్పుతారు. కానీ కాకిపిల్ల కాకికి ముద్దు. తన చేత్తో చేసిన సరుకు ఇంకొకరి కంటికి ఎట్లా కనిపిస్తుందో ఆమెకు తట్టనే లేదు.

అవి బాంబులు కావు, గండికోట ఫిరంగి గుండ్లు. అంటే, కోట చూడ్డానికి వచ్చిన వాళ్లు గుర్తుగా కొనుక్కుపోయి ఇంట్లో వేలాడదీసుకునే కార్కు గుండ్లు, మన మాటలో బెండు గుండ్లు. ఎర్రగుంట్ల రోడ్డులో లారీ ఇంజన్లలో ఆయిలు కారకుండా మూతల కింద పెట్టే కార్కు ప్యాకింగులు చేసే జిలానీ దగ్గర కార్కు ముక్కలు, పొట్టు గంపలకొద్దీ మిగిలేవి. ఆ పొట్టును చింతగింజల జిగురుతో పిసికి, ఉండలు కట్టి, ఆరిందాకా విచ్చిపోకుండా పురికొసతో బిగించి చుట్టాలి. నాలుగు రోజులకు కొస విప్పితే ఉండ మీద దాని అచ్చు చక్కగా పడుతుంది. ఈ ఉండలకు రెండు రోజులే అయింది. కొస విప్పే వ్యవధి లేక చుట్టినవి చుట్టినట్టే తీసుకుని బయల్దేరింది.

ముక్కల పని వేరు. జిలానీ ప్యాకింగు కొట్టేటప్పుడు ఇంజను మూత మీద కార్కు షీటు పరిచి, అంచు వెంబడి చిన్న సుత్తితో టకటకా కొడుతూ పోతాడు. ఇనుప అంచే షీటును కోసేస్తుంది, కత్తెరతో పని లేదు. రాహేలు అది చూసి, కోట గుమ్మం ఆకారంలో ఒక ఇనుప అచ్చు పోయించుకుంది. అదే పద్ధతిలో తాళంచెవి బిళ్లలు, గ్లాసుల కింద పెట్టే బిళ్లలు కొట్టింది. పల్చటి షీటుతో పర్సులు కుట్టింది. డ్వాక్రా గుంపులో ఉన్న పదిమంది ఆడవాళ్లకూ నేర్పింది. పారేస్తే మట్టిలో కలిసిపోయే సరుకని ఆఫీసరమ్మ మెచ్చుకుని, హైదరాబాదు నుంచి చేతిపనుల దుకాణం వాళ్లు పులివెందులకు వస్తున్నారు, మధ్యాహ్నంలోగా సరుకు తెచ్చి చూపించమని కబురు పెట్టింది. గుండ్ల ఆలోచన జిలానీది కాబట్టి ఆయన్నూ వెంట పెట్టుకుంది.

జిలానీకి అరవై దాటాయి. పదకొండేళ్ల కిందట ఒక ఖూనీ కేసులో సాక్ష్యం చెప్పినప్పటి నుంచి లారీల వాళ్లు చాలామంది ఆయన కొట్టు ముందు బండి ఆపడం మానుకున్నారు. ఆ ఖూనీ అయింది రాహేలు భర్త దేవపాలే, పెద్దముడియం దగ్గర బడిపంతులు, అప్పట్లో వాళ్ల కాపురం జమ్మలమడుగులో. ఆ విశ్వాసం రాహేలుకు ఎప్పుడూ ఉంది. కార్కు పనిలోకి ఆమె దిగడానికి సగం కారణం జిలానీ పొయ్యి వెలగాలనే.

బస్సులో ఆమె పక్కన లింగాల గురవమ్మ కూర్చుంది. పెద్ద రైతుల ఇంటి కోడలు. నోటికి తాళం లేని మనిషి. ఏందిమ్మే బకెట్లో అని అడిగి, చెప్పిందాకా వదల్లేదు. రాహేలు ఒక ఉండ తీసి ఆమె ఒళ్లో పెట్టి, కార్కు సంగతంతా వివరించింది. సముద్రం అవతల ఒక చెట్టుంటుంది. దాన్ని నరకరు, పైబెరడు మటుకు వలుస్తారు. తొమ్మిదేళ్లకు చెట్టు మళ్లీ బెరడు కట్టుకుంటుంది. ఆ మాట వినగానే గురవమ్మ ఉండను వాసన చూడ్డం ఆపేసింది. కిందటేడు వాళ్ల చీనీ తోటలో మూడు వందల బత్తాయి చెట్లు ఎదుటి పార్టీ వాళ్లు ఒక్క రాత్రిలో కొట్టేసి పోయారు. చెట్టును చంపకుండా బతికేవాళ్లు కూడా ఉన్నారన్నమాట అని, ఉండను చాలాసేపు ఒళ్లోనే ఉంచుకుని తిరిగిచ్చింది.

జమ్మలమడుగు బస్టాండులో పోలీసులు బస్సును సోదా చేశారు. కోస్తా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఎస్సై, వెంట నలుగురు కానిస్టేబుళ్లు. వెనక సీటు కింద గోనెపట్టా ఎత్తిన కానిస్టేబులు ఈ ఊరివాడు. అరవనైనా అరవలేదు, వెనక్కి నడుచుకుంటూ దిగిపోయాడు. ఆయన ముఖం చూసి జనానికి అర్థమైంది. ఇంక చూడాలి బస్సు ఖాళీ అయిన తీరు. తలుపులోంచి కొందరు, కిటికీల్లోంచి కొందరు, డ్రైవరు ఎటునుంచి దూకాడో ఆయనకే తెలియదు.

బకెట్ ఎవరిదని ఎస్సై అడిగాడు. రాహేలు నోరు తెరిచే లోపే జిలానీ "నాది సార్" అన్నాడు. ఆడమనిషిని స్టేషన్‌కు లాగుతారని ఆయన భయం. ఆ ఒక్క మాటతో ఆయన చేతులు ఆయన తువ్వాలుతోనే వెనక్కి కట్టి, నేల మీద కూర్చోబెట్టారు. అరవై బాంబులు దొరికాయని ఎస్సై వైర్‌లెస్‌లో కడపకు చెప్పేశాడు. ఎలక్షన్ల కాలంలో బాంబుల కేసంటే మాటలా? బెయిలు దొరికేసరికి ఆ ముసలాయన జైల్లో ఎట్లా అవుతాడో రాహేలుకు తెలుసు. 

అవి కార్కువని ఆమె చెప్పింది. ఫిరంగి గుండ్లని కూడా చెప్పింది. అది చెప్పకుండా ఉంటే బాగుండేది. ఎస్సై ముఖం ఇంకా ఎర్రబడింది. కడప నుంచి బాంబుల వాళ్లు వచ్చి చూసి తేలుస్తారని, అందాకా కదలొద్దని అన్నాడు.

"సారూ, మా సీమలో బాంబు దొరికితే ఏం జేస్తారు? నీళ్లలో ఏస్తారు. నువ్వేస్తావా, నన్నేయమంటావా?" అంది రాహేలు.

ఆయన జవాబు చెప్పే లోపు బస్సెక్కి, బకెట్ చంకన పెట్టుకుని దిగింది. బస్టాండు మూలన పశువులకు కట్టిన సిమెంటు తొట్టి ఉంది. ఆమె అటు నడుస్తుంటే జనం అలలా వెనక్కి జరిగారు. రెండు పార్టీల వాళ్లూ, పొద్దున్నించీ ఎదురెదురుగా మీసాలు తిప్పుకుంటూ నిలబడినవాళ్లు, ఇప్పుడు ఒకే గోడ వెనక ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. ఏ రాజీ పంచాయితీ కూడా వాళ్లను అంత దగ్గరగా కూర్చోబెట్టలేదు.

తొట్టి దగ్గర రాహేలు ఒక్క క్షణం ఆగింది. జిగురు పచ్చిగానే ఉంది. నీళ్లు తగిలితే గుండ్లు ఉబ్బి విచ్చిపోతాయి, పులివెందులలో చూపించడానికి మిగిలేది కష్టం. పదిమంది ఆడవాళ్ల చేతి పని. పోతే పోయింది, గుండ్లు మళ్లీ చేసుకోవచ్చు, జిలానీ అన్నను మళ్లీ చేసుకోలేము కదా అనుకుంది. బకెట్ తలకిందులు చేసింది.

అరవై గుండ్లూ ఒక్కసారి మునిగి, ఒక్కసారే పైకి లేచాయి. ఒకదాన్నొకటి తాకుతూ తొట్టి నిండా ఊగుతున్నాయి. ఎస్సై దగ్గరికి వచ్చాడు. లాఠీతో ఒకదాన్ని లోపలికి నొక్కాడు. అది లాఠీ పక్కనుంచి తప్పుకుని పైకి వచ్చింది. ఇంకోదాన్ని నొక్కాడు. అదీ వచ్చింది. గోడ వెనకనుంచి ఎవరో నవ్వారు.

అక్కడితో అయిపోతే బాగుండు. కానీ వైర్‌లెస్‌లో పోయిన మాట వెనక్కి రాదు. ఎస్సై చెడ్డవాడేం కాదు, తల గోక్కుని, కాగితం మీద పంచనామా రాస్తాను, బకెట్లో ఉన్నది కార్కేనని, నీళ్లలో తేలిందని ఇద్దరు చూసినవాళ్లు సంతకం పెడితే జిలానీని ఇక్కడికిక్కడే విడిచిపెడతానని అన్నాడు. సంతకాలు లేకుంటే కడపకు పంపక తప్పదు. సరుకు రాహేలుది కాబట్టి ఆమె సంతకం చెల్లదు.

ఇద్దరు. బస్టాండులో రెండు వందల మంది ఉన్నారు. కాగితం బయటికి తియ్యగానే సగం మందికి పనులు గుర్తొచ్చాయి. ఒకాయనకు మాత్ర వేసుకునే టైమైంది, ఒకాయన ఇంటి దగ్గర ఎద్దును కట్టెయ్యకుండా వచ్చాడట. మిగిలినవాళ్లు నేల చూపులు చూశారు. ఈ సీమలో కత్తి పట్టడానికి ముందుకు వచ్చేవాడు దొరుకుతాడు గానీ, చూసినానని కాగితం మీద వేలు పెట్టేవాడు దొరకడు. ఎందుకొచ్చిన గొడవ అని పిల్లలకు ఉగ్గుతోనే పోస్తారు.

రాహేలుకు ఒళ్లు మండింది. బకెట్ కింద పెట్టి జనం వైపు తిరిగింది.

"పదకొండేండ్ల కింద ఈ బస్టాండులోనే మా ఆయన పడిపోయినాడు. ఎవురి మీదనో ఏసిన బాంబు ఆయన మీద పడింది. చూసినోళ్లు నలభై మంది. కోర్టుకొచ్చి చూసినానని చెప్పినోడు ఈయప్ప ఒక్కడే. ఒక్కని మాట చాలదని కేసు కొట్టేసినారు. ఇప్పుడు మిమ్మల్ని ఎవురి మీదా చెప్పమనల్లే. తేలిందాన్ని తేలిందని చెప్పమంటాండా, అంతే."

ముందు కదిలింది గురవమ్మ. జనాన్ని మోచేతులతో పక్కకు నెట్టుకుంటూ వచ్చి, వేలు యాడ పెట్టాలని ఎస్సైని అడిగింది. మీ ఇంట్లో అడగాల్సిన పని లేదా అమ్మా అని వెనకనుంచి వాళ్ల పార్టీ మనిషే ఒకడు హెచ్చరించాడు.

"నా ఒళ్లో పెట్టుకోని వాసన చూసినా. అడిగితే మా ఇంటాయనకు నేను జెప్పుకుంటాలే, నువ్వు మూసుకో," అని సిరా బిళ్ల మీద బొటనవేలు అదిమి, కాగితం మీద గట్టిగా ఒత్తింది.

ఒకటైంది. ఇంకొకటి కావాలి. ఎస్సై గడియారం చూసుకున్నాడు. కడప నుంచి జీపు బయల్దేరిందని వైర్‌లెస్ చెప్పింది.

బస్సు మెట్టు దగ్గర కండక్టరు నారాయణ టికెట్ల సంచి ఛాతీకి అదుముకుని నిలబడి ఉన్నాడు. రాహేలు జనంలో అందరి ముఖాలూ చూసింది గానీ అతని వైపు మాత్రం చూడలేదు. దేవపాలు చనిపోయిన రోజు బాంబు పడినప్పుడు ఇక్కడ ఆగి ఉన్న బస్సు నారాయణదే. కోర్టులో జడ్జి అడిగితే, టికెట్లు కొడుతున్నాను, తల ఎత్తి చూడలేదు అని చెప్పాడు. జిలానీ మాటకు తోడు అతని మాట ఒక్కటి ఉండి ఉంటే కేసు నిలిచేది. ఆ తర్వాత ఎన్నోసార్లు అతని బస్సే ఎక్కింది, అతని చేత్తోనే టికెట్టు తీసుకుంది, ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఇవాళ కూడా అడగదలచుకోలేదు. అడిగి పెట్టించుకున్న సంతకం తనకు వద్దు.

నారాయణ సంచిని సీటు మీద పెట్టాడు. నడుచుకుంటూ వచ్చాడు. ఏం చూశావని ఎస్సై అడిగాడు.

"అన్నీ తేలినాయి సార్. నేను చూసినా," అన్నాడు. పేరు, తండ్రి పేరు, డిపో పేరు, అడగని కండక్టరు బిళ్ల నంబరు కూడా రాసి సంతకం చేశాడు. అక్షరాలు స్పష్టంగా పడ్డాయి.

తువ్వాలు విప్పారు. జిలానీ లేచి, మోకాళ్లు దులుపుకుని, ముందుగా తొట్టి దగ్గరికే వెళ్లాడు. గుండ్లు కొన్ని పగుళ్లిచ్చాయి, కొన్ని గుండ్రం తప్పాయి. గట్టిగా చుట్టినవి ఇరవై దాకా నిలిచాయి. ఆయన మొహం చిన్నబోయింది. రాహేలు వాటిని ఏరి బకెట్లో వేసుకుంటూ, తడి గుండ్లే చూపిస్తామని, ఇంతసేపు నీళ్లలో నానినా విడవలేదని చెబితే హైదరాబాదు వాళ్లు నోరెళ్లబెడతారని ధైర్యం చెప్పింది. ఆ సరుకు నచ్చకపోతే తప్పు వాళ్ల కళ్లదే అని కూడా అంది. ఆమె అన్నదంటే అన్నదే. గురవమ్మ రెండు గుండ్లు కొంగులో వేసుకుని, ఇవి నావి అని ముందే చెప్పేసింది.

జనం మళ్లీ బస్సెక్కారు. రాహేలు చివరగా వచ్చింది. తలుపు పట్టుకుని నిలబడిన నారాయణ పక్కకు తప్పుకోలేదు.

"అక్కా," అన్నాడు. "ఆ పొద్దు గూడా నేను చూసినా అక్కా."

రాహేలు బకెట్‌ను మెట్టు మీద దించింది.

"నాకు తెలీదా నాయనా. నేను ఉరుక్కుంటా వచ్చేసరికి మా ఆయన తల నీ ఒళ్లోనే ఉండె గదా."

నారాయణ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలేకపోయాడు. చివరికి జిలానీయే లోపలనుంచి బస్సు రేకు మీద రెండుసార్లు కొట్టి, డ్రైవరుతో రైట్ అన్నాడు.