మరీ శుభ్రంగా ఉన్న బండి

క్యారవాన్‌లోకి అడుగు పెట్టాలంటే బూట్లు విప్పాలి. బూట్లు విప్పాలంటే ఎక్కడైనా కూర్చోవాలి. కూర్చోవడానికి చోటు క్యారవాన్ లోపలే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా నెవిల్ రోజు ఈ చిక్కుముడి దగ్గరే మొదలవుతోంది. ఈ మధ్య ఎడమ మోకాలు కూడా అడ్డం తిరగడం నేర్చుకుంది.

ఆ ఉదయం ఎనిమిదింబావుకి కూడా అతను ఒక చేత్తో తలుపు పట్టుకుని, కొంగలా ఒంటికాలి మీద నిలబడి, బూటు లేసుతో కుస్తీ పడుతున్నాడు. ఇంగ్లండులో హల్ ఊరి బయట, పెద్ద రోడ్డుకీ బఠానీ చేలకీ మధ్య ఉంటుంది ఆ యార్డు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఈ చక్రాల ఇళ్ళు అక్కడ తెల్ల బాతుల్లా బారులు తీరి ఉంటాయి. జనం పాతది ఇచ్చి, పైన కొంత కలిపి, కొత్తది పట్టుకుపోతారు. ఆ పాతదాన్ని కడిగి, తుడిచి, ఉన్న లోపాలన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టేది నెవిల్.

పాత బండి ఇచ్చేవాళ్ళందరూ ఒకే మాట చెబుతారు. టాయిలెట్ అసలు వాడలేదంటారు. పదకొండేళ్ళపాటు ప్రతి వేసవిలో ఆరేసి వారాలు భార్యా, భర్తా, ఇద్దరు పిల్లలూ, ఓ కుక్కా అందులో కాపురం ఉన్నారు గానీ టాయిలెట్ మాత్రం వాడలేదు. పొయ్యి కూడా వెలిగించలేదు. పరుపు మీద పడుకున్న మాట నిజమే గానీ చాలా జాగ్రత్తగా పడుకున్నామని చెప్పినవాళ్ళూ ఉన్నారు. నెవిల్ ఏనాడూ ఎవర్నీ కాదనలేదు. వాడని టాయిలెట్లు వారానికి ఓ డజను కడిగేవాడు.

ఇక కార్పెట్ సంగతి. కార్పెట్ పాడవకుండా దాని మీద చాప పరుస్తారు. చాప మాయకుండా దాని మీద తువ్వాలు. తువ్వాలు మీద నడవడానికి విడిగా చెప్పులు. పదేళ్ళ తర్వాత అమ్మేటప్పుడు అడుగున కార్పెట్ కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది. అది ఏ రంగులో ఉందో ఇంట్లోవాళ్ళకే గుర్తుండదు. పనిమనిషి వచ్చేలోపు ఇల్లు ఊడ్చి పెట్టుకునే జాతి ఇది. బండి అమ్ముకోవడం కన్నా, దాన్ని తుడవబోయేవాడు తమ గురించి ఏమనుకుంటాడోనన్న దిగులే వాళ్ళకి ఎక్కువ.

ఆ దిగులే నెవిల్ కొంప ముంచబోతోంది.

"ఏం పెద్దాయనా, ఇంకా ఎక్కలేదా?" కాఫీ కప్పుతో వచ్చాడు కర్టిస్. కొత్త మేనేజరు. ముప్ఫై అయిదేళ్ళవాడు, బూట్లకి లేసులు లేనివాడు.

"ఎక్కుతున్నా. ముందు మోకాలు ఒప్పుకోవాలిగా."

"నిన్న కూర్చుని చూశాను. పాతవి పదింటిలో ఏడు కడిగే వస్తున్నాయి. కడిగి తెచ్చినవాళ్ళకి ఓ కూపన్ ఇస్తామంటే మిగతా మూడూ కడిగే తెస్తారు. అప్పుడు ఈ షెడ్డెందుకు చెప్పు?"

"షెడ్డెందుకు అంటే, నేనెందుకనా?"

"నేనలా అన్నానా?" కర్టిస్ కాఫీ ఊదుకున్నాడు. "ఇవాళ ఈ బండితో తేల్చేద్దాం. నాలుగింటికి నేనే వచ్చి తుడిచి చూస్తా. కడిగి తెచ్చిన బండిలో కూడా నువ్వు చెయ్యాల్సిన పని ఫలానాది ఉందని చూపించు. పైవాళ్ళకి అదే రాస్తా. లేదంటే ఒకటో తారీకు నుంచి కూపనే."

"చూపించలేకపోతే?"

"ఏముంది, హాయిగా రెస్టు తీసుకోవచ్చు నువ్వు."

హాయి అన్న మాట ఆఫీసువాళ్ళు ఎప్పుడు వాడతారో నెవిల్‌కి తెలుసు. పింఛను రావడానికి ఇంకా నాలుగేళ్ళుంది.

కర్టిస్ అటు వెళ్ళగానే ఇటు బండి తాలూకు ఆవిడ వచ్చింది. మిసెస్ ఫెన్విక్ అట, డెబ్భై ఒకటి. నీలం రెయిన్‌కోటు, చెవులకి ముత్యాలు, చేతిసంచీ రెండు చేతులతో పొట్టకి అదిమి పట్టుకుని నిలబడింది.

"దీన్ని చూసేది మీరేనాండీ?"

"నేనేనమ్మా."

"టాయిలెట్ మేము..."

"వాడలేదు."

"మీకెలా తెలుసు?"

"చూస్తే తెలిసిపోతుందమ్మా," అన్నాడు నెవిల్, ఇంకా లోపలికి ఎక్కనివాడు.

ఆవిడ మొహం విచ్చుకుంది. ఆ తర్వాత ఆపడం కష్టమైంది. "లెస్లీ, మా ఆయన, బయట కడిగేవాడు. లోపల నాది. నలభై ఏళ్ళూ అదే ఒప్పందం. నవంబర్లో పోయాడు. అందుకని ఈసారి రెండు పక్కలా నేనే కడిగాను. కిటికీలకే ఒక రోజంతా పట్టింది." చూపిద్దామన్నట్టు చేతులు చాపి, మళ్ళీ వెనక్కి లాక్కుంది. వేలి కణుపులు ఎర్రగా పగిలి ఉన్నాయి. "ఇంత పెద్దది నేను లాగలేను. అదిగో, ఆ చిన్నది తీసుకుంటున్నాను. లాగడం నేర్పే క్లాసుకి వెళ్ళాను. వెనక్కి తిప్పడం మాత్రం మూడోవారానికి వచ్చింది."

"వెనక్కి తిప్పడం మగాళ్ళకీ రాదులెండి. వచ్చినట్టు నటిస్తారు."

"రేపటికి ఫైలీలో, సముద్రం ఒడ్డున, మా పాత చోటే బుక్ చేశాను. పాత బండికి మీవాళ్ళు కట్టిన ధరా, నా దగ్గరున్నదీ కలిపితే సరిగ్గా సరిపోయింది. ఒక్క పౌండు మిగల్లేదు. మా అమ్మాయి అంటుంది, ఈ వయసులో ఒంటరిగా ఎందుకమ్మా, అమ్మేసి మా ఇంటి వెనక గదిలో ఉండరాదా అని. ఇవాళ ఇది కుదరకపోతే తనే గెలుస్తుంది." బండి కేసి చూసి, "ఎక్కడైనా దుమ్ముంటే చెప్పండి, ఇప్పుడే తుడిచేస్తాను," అంది.

"మీరెళ్ళి టీ తాగండమ్మా."

నెవిల్ లోపలికెళ్ళి దుమ్ము కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ మురికి మీద అతనికి ఇంత ఆశ కలగలేదు. సింకు గొట్టంలో చూశాడు. మంచం కింద పలకలు ఎత్తి చూశాడు. కర్టెన్ పట్టాలో దూదిపుల్ల పెట్టి తిప్పాడు. పొయ్యి వెనక, ఏ ఇల్లాలి చెయ్యీ చేరని చోట, చిన్నద్దం పెట్టి చూశాడు. ఆవిడ చెయ్యి అక్కడికీ వెళ్ళింది. తెల్లగుడ్డ ఎక్కడ పెట్టి తీసినా తెల్లగానే వస్తోంది. బొద్దింక వచ్చినా ఈ ఇంట్లోకి కాళ్ళు కడుక్కునే వస్తుంది.

పదిన్నరకి మబ్బు విడింది. ఏప్రిల్ ఎండ ఏటవాలుగా ముందు కిటికీలోంచి లోపలికి పడింది. నెవిల్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

కిటికీ నిండా గీతలు. వెంట్రుకంత సన్నం. గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి, వంటింటి సింకు తోమినట్టు పొందిగ్గా, ఓ మూల నుంచి ఇంకో మూలదాకా. రెండో కిటికీ చూశాడు. మూడోది చూశాడు. మొత్తం ఏడూ అంతే. ఎండ తప్పుకుంటే ఏమీ లేదు, పడితే సాలెగూడు.

క్యారవాన్ కిటికీలు గాజు కావు, ప్లాస్టిక్. సబ్బునీళ్ళూ మెత్తని గుడ్డా తప్ప ఇంకేమీ తగలకూడదు. లెస్లీ లాంటివాళ్ళకి ఇది అమ్మానాన్నల పేర్లంత కంఠతా. అయితే అది ఒప్పందంలో ఆయన వాటా. ఆవిడ తన వాటా సామాను తెచ్చి, గిన్నెలు తోమే పొడితో, ప్రేమగా, ఒక రోజంతా తోమింది.

కాగితంలో ఎనిమిదో వరుస కిటికీలది. అక్కడ 'గీతలు' అని రాస్తే చాలు. ఒక్కో కిటికీకి మూడు వందల పౌండ్ల చొప్పున ధరలో కోసేస్తారు. చిన్న బండి పోతుంది, ఫైలీ పోతుంది, వెనక గది మిగులుతుంది. నెవిల్ మాత్రం నిలుస్తాడు. కర్టిస్ అడిగిన ఫలానా పని ఇదే. జనం చేతికి కూపనిచ్చి కడిగిస్తే ఏమవుతుందో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. నెవిల్ కలం తీసి ఎనిమిదో వరుస మీద పెట్టాడు. కాగితం మీద చుక్క పడింది, కాస్త పెద్దదైంది.

యార్డుకి అవతల టీ దుకాణం కిటికీలో ఆవిడ కనిపిస్తోంది. కప్పు చుట్టూ చేతులు పెట్టుకుని షెడ్డు వైపే చూస్తోంది, పరీక్ష హాలు బయట కూర్చున్న తల్లిలా.

కలాన్ని చెవి వెనక పెట్టుకుని, అరలోంచి పాలిష్ డబ్బా దించాడు. పాత పైజమా చింపిన ఫ్లానెల్ గుడ్డ తీశాడు. ఈ పని యార్డులో ఇంకెవరికీ రాదు. పదిహేడో ఏట క్యారవాన్ ఫ్యాక్టరీలో చేరి, అది మూతపడేదాకా పద్దెనిమిదేళ్ళు కిటికీలే బిగించాడు. గట్టిగా రుద్దితే ప్లాస్టిక్ వేడెక్కి పొగచూరినట్టవుతుంది, మెత్తగా రుద్దితే గీత కదలదు. రెంటికీ నడుమ ఒక బరువుంటుంది. అది మోచేతికే తెలుసు.

ఒక్కో కిటికీకి ముప్పావుగంట పడుతోంది. ఏడుకీ కలిపి అయిదుంబావు గంటలు. పదకొండవుతోంది. నాలుగుకి కర్టిస్ వస్తాడు. భోజనం మానేసినా సరిపోదు.

మానేశాడు. సాండ్విచ్ సంచీలోనే ఉండిపోయింది. రుద్దుతుంటే మనసు ఎక్కడెక్కడికో పోతుంది. ఇన్నేళ్ళలో పదివేల క్యారవాన్లు తుడిచాడు, ఒక్కదాంట్లోనూ ఒక్క రాత్రి పడుకోలేదు. భార్య సాండ్రాకి ఆ సరదా ఉండేది. పోదాం పోదాం అనేది. వచ్చే ఏడాది చూద్దామనేవాడు. చివరికి సాండ్రా వెళ్ళింది, ఇంజను కూడా ఉన్న క్యారవాన్ గలవాడితో. పోయేముందు ఇల్లంతా తుడిచి వెళ్ళింది. అతనికి ఏమీ మిగల్చలేదు, రుద్దుకోవడానికి కూడా.

రెండింటికి మూడు కిటికీలయ్యాయి, నాలుగోది సగంలో ఉంది. మోచెయ్యి మంటలు. చెయ్యి మార్చాడు. ఎడమ చేతికి ఆ బరువు తెలియదు, మళ్ళీ కుడికే వచ్చాడు. మూడుంబావుకి అయిదయ్యాయి. మూడూ యాభైకి ఆరోది. అది మామూలుగా కాలేదు, ఊపిరి బిగబట్టి అయింది. ఇక ముందు పెద్ద కిటికీ. పై సగం తేటపడుతుండగా మెట్టు మీద చప్పుడైంది.

"బూట్లు విప్పాలా?" అన్నాడు కర్టిస్, విప్పకుండా లోపలికి వచ్చి.

జేబులోంచి తెల్ల కాగితపు రుమాలు తీసి సింకు అంచు తుడిచాడు. తెల్లగా ఉంది. అలమర పైన తుడిచాడు. తెల్లగానే ఉంది. కిటికీల దగ్గరికి వచ్చాడు. ఒకటి, రెండు, మూడు. బయట మబ్బు మళ్ళీ కదులుతోంది. నెవిల్‌కి అది వీపు మీద తెలుస్తోంది, వెచ్చగా. పెద్ద కిటికీకి ఆనుకుని నిలబడ్డాడు. ఎండ వచ్చింది. కింద సగం మీద పడాల్సినదంతా అతని కోటు మీద పడింది. నేల మీద అతని నీడ కర్టిస్ బూట్లదాకా పాకింది.

"కొంచెం జరుగు."

"మోకాలు పట్టేసింది. ఒక్క నిమిషం."

కర్టిస్ అతని మొహం కేసి చూశాడు. గడియారం కేసి చూశాడు. మనిషి మంచివాడే, టైమే లేదు.

"సర్లే, నిలబడు. అద్దంలా ఉంది. నువ్వు చేసిందేమైనా ఉందా ఇందులో?"

నెవిల్ నోరు తెరిచాడు. చెబితే ఎనిమిదో వరుస గురించి చెప్పాలి.

"పెద్దగా ఏం లేదు."

"పొద్దుట్నుంచీ ఇందులోనే ఉన్నావు కదా. ఎనిమిది గంటలు."

"నిదానంగా చేశాలే."

"అదే నేననేది." కర్టిస్ గొంతు తగ్గించాడు, కొట్టినవాడు వెన్న రాసినట్టు. "నీకు సెలవులు చాలా మిగిలాయి. ఇవాళ్టి నుంచే వాడేసుకో. జీతం నెలాఖరుదాకా వస్తుంది. సంతకం పెట్టిచ్చెయ్యి, పాపం ఆవిడ కాచుక్కూర్చుంది."

నెవిల్ చుక్క ఉన్న చోటే 'బాగున్నాయి' అని రాసి, సంతకం పెట్టిచ్చాడు. కర్టిస్ దిగి వెళ్ళాక మళ్ళీ గుడ్డ అందుకున్నాడు. రాసిన మాట ఇంకా సగమే నిజం. అయిదింటికి పూర్తిగా నిజమైంది.

మిసెస్ ఫెన్విక్ చిన్న బండిని కారుకి తగిలించుకుని, గేటు దగ్గర ఆపి, దిగి వచ్చింది. చేతిలో ఓ గుండ్రటి రేకు డబ్బా. "ఫ్రూట్ కేకు, మీకే. నేనే చేశాను. ఆ పొయ్యి మీద కాదు లెండి, ఇంట్లో."

"ఆ పొయ్యి వాడలేదుగా."

"మరే." గొంతు సవరించుకుంది. "మురికిగా ఉందాండీ?"

"మీలా కడిగి తెచ్చినవాళ్ళని నేను చూళ్ళేదమ్మా. కిటికీలు మాత్రం ఇక మీదట సబ్బునీళ్ళతో కడగండి. మెత్తని గుడ్డతో. ఇంకేం వద్దు."

ఆవిడ ఏదో అడగబోయి, తలూపింది. "డబ్బా మాత్రం నాది నాకు కావాలి. తొందరేం లేదు, సెప్టెంబర్లో సర్వీసింగుకి వస్తాను. అప్పుడు మీ దగ్గరే తీసుకుంటా." వంపు దగ్గర కాస్త వెడల్పుగానే తిరిగి, రోడ్డెక్కింది.

సోమవారం నెవిల్ రాలేదు. మంగళవారం ఆఫీసులో ఒక వీడ్కోలు కార్డు తిరిగింది. పద్నాలుగు మంది 'మళ్ళీ కలుద్దాం' అని రాశారు. దాన్ని పోస్టు చేద్దామంటే చిరునామా కర్టిస్ దగ్గరుంది, కర్టిస్ మీటింగులో ఉన్నాడు. షెడ్డులో ఇప్పుడు కూపన్ల అట్టపెట్టెలు పెడుతున్నారు. వాటికి చోటు చేస్తుంటే అర మీద ఆ కేకు డబ్బా ఖాళీగా దొరికింది. అడుగున అంటించిన ప్లాస్టరు ముక్క మీద ఆవిడ పేరుంది.

సెప్టెంబరు రాక మానదు. ఆవిడ వస్తుంది. డబ్బా చేతికిస్తే ఆయనేరీ, కేకు తిన్నారా అని అడక్కుండా ఊరుకునే మనిషి కాదు. మీ బండిలో ఆయన చేసిన పనేమీ కనబడలేదమ్మా, అందుకే పంపించేశాం అని రిసెప్షనువాళ్ళు చెప్పాలా? ఊరెళ్ళాడని చెప్పాలా? డబ్బా పోస్టులో పంపేస్తే మర్యాదగా ఉంటుందా? పెద్దలు, లోకం చూసినవాళ్ళు, ఎవరైనా కాస్త ఒక దారి చెప్పి పుణ్యం కట్టుకోండి. డబ్బా రిసెప్షను బల్ల మీదే ఉంది, కడిగి, చెమ్మ లేకుండా తుడిచి, లోపల గాలాడేలా మూత కొంచెం వారగా పెట్టి.