పాళెగాడి పెండ్లాం

"కొంచెం కడుపు లోపలికి పీల్చండి," అంది నవీన, పిన్నీసు పళ్ళ మధ్య పట్టుకుని.

నరేంద్ర పీల్చాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, తన పెళ్ళి పట్టుచీర కుచ్చిళ్ళు ఒక్కొక్కటే సర్ది మొగుడి నడుముకు దోపింది. తిరుపతిలో గంగజాతర వచ్చిందంటే చీర కట్టి, సవరం పెట్టుకుని, మీసాలతోనే గుడికి పోయే మగవాళ్ళకు కొదవుండదు. ఎవరి మొక్కు వాళ్ళది. ఈ మొక్కు మాత్రం నరేంద్రది కాదు, వాళ్ళమ్మ చంద్రకాంతమ్మది. కొడుకు మీద కంపెనీలో పడిన ఫిర్యాదు వీగిపోతే ఆడవేషం కట్టిస్తానని తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకుంది. విచారణ రేపు. ముందే మొక్కు తీర్చేస్తే అమ్మవారు మొహమాటానికైనా పని చేసిపెడుతుందని ఆమె ఆలోచన.

"ఎట్లా నడుస్తావే దీన్ని కట్టుకోని? ఉక్కపోస్తా ఉండాది," అన్నాడు నరేంద్ర.

"అలవాటైపోతాది," అంది నవీన. అతనికి పట్టేలా తన రవిక కుట్లు విప్పి వదులు చేసింది ఆమే. జాతర అయ్యాక మళ్ళీ బిగించుకోవలసిందీ ఆమే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

నరేంద్ర శ్రీ సిటీలో ఒక కంపెనీలో సూపర్‌వైజరు. అతని కింద పనిచేసే ధరణి అనే పిల్ల అతని మీద ఫిర్యాదు రాసిచ్చింది. విచారణ అయ్యేదాకా ఇంట్లోనే ఉండమన్నారు. ఆ కాగితం వచ్చిన రోజు అతను దాన్ని తల్లికి గట్టిగా చదివి వినిపించాడు. చప్పుడు చెయ్యకుండా వెనక నుంచి వచ్చి మెడ మీద చెయ్యి వేస్తాడట. ఉలిక్కిపడితే, ఎందుకంత భయం, నేనేం చేసినానని నవ్వుతాడట. "ఇది కూడా ఒక కేసేనామ్మా?" అన్నాడు. వంటింట్లో పాలు కాస్తున్న నవీన చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ మెడ తనది. పొయ్యి దగ్గర నిలబడినప్పుడు, పిండి కలిపేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, పెళ్ళైన నాటి నుంచీ అదే చెయ్యి, అదే నవ్వు, అదే మాట. ఒకసారి కాగే నూనె చింది చెయ్యి బొబ్బలెక్కితే, "దీనికి చేతుల్లో పట్టు లేదు" అని చుట్టాలందరికీ చెప్పి నవ్వించాడు. అట్లా రావద్దని ఏడ్చి చెప్పినప్పుడల్లా, "నీకే అట్లా అనిపిస్తాది, నీకు నరాల జబ్బు. ఇంకే ఆడదాన్నైనా అడుగు," అనేవాడు. ఎవరిని అడుగుతుంది? అత్తతో చెప్పుకుంటే, "మొగుడు ముట్టుకుంటే ఉలిక్కిపడేదాన్ని నిన్నే సూసినా," అంది. కన్నతల్లితో చెప్పుకుంటే, సరసానికి కూడా ఏడిస్తే ఎట్లా అంది. చివరికి నవీన కూడా నమ్మేసింది. నరాల డాక్టరు దగ్గరికి పోయి మాత్రలు తెచ్చుకుని బుద్ధిగా మింగింది.

ముక్కూ మొహం తెలియని పిల్ల ఎవరో వచ్చి, నీకే జబ్బూ లేదని చెప్పినట్టయింది ఆ రోజు. గరిటె పక్కన పెట్టి, స్నానాల గదిలోకి పోయి, కొళాయి తిప్పి కరువుతీరా ఏడ్చింది. ఏడ్చి బయటికి వచ్చేసరికి ఒళ్ళంతా తేలికైపోయింది.

అప్పటి నుంచి పొద్దున్నే దీపం పెట్టి దండం పెట్టుకునేటప్పుడు పైకి మొగుడి పేరు, లోపల ధరణి పేరు. ఆ పిల్ల పుణ్యమా అని ఇంట్లో ఇంకో విచిత్రం కూడా జరిగింది. ఆడవాళ్ళున్న చోటికి పోయేముందు దగ్గి పొమ్మని లాయరు చెప్పాడట. ఇల్లైనా ఒకటే, ఆఫీసైనా ఒకటే, అలవాటు చేసుకోమన్నాడట. దాంతో నరేంద్ర వంటింటి గడప దగ్గర ఆగి దగ్గుతున్నాడు. మొగుడి దగ్గు ఇంత హాయిగా వినబడుతుందని నవీన ఎన్నడూ అనుకోలేదు. గోడకు వీపు ఆనించకుండా నిలబడి, వేడి కాఫీ వేడిగా ఉండగానే తాగడం ఈ మధ్యనే నేర్చుకుంది.

చంద్రకాంతమ్మ కొడుకు సవరానికి మల్లెపూలు చుడుతూ జాతర కథ ఎత్తుకుంది. ఏటా చెప్పేదే.

"ఆ పాళెగాడు ఊళ్ళో ఆడపిల్లల్ని బతకనిస్తే గదా! వాని కన్ను పడని పిల్ల లేదంట. ఆఖరికి గంగమ్మ చెయ్యే పట్టుకోబోయినాడు. అమ్మ ఊరుకుంటాదా? వాడు పోయి దాక్కుంటే, వేషం మీద వేషమేసి వెతికింది. దొర వేషంలో పోయి తలకాయ తీసేసింది. ఆడదాని జోలికి పోతే అంతే మరి! నాయనా, తల కదిలించొద్దురా, పూలు జారిపోతాయి."

నరేంద్ర తల కదిలించలేదు.

"వాని పెండ్లాం ఏమైంది అత్తా?" అని అడిగింది నవీన.

"ఏమైతాది, ఏడ్సింది. మాతంగి వేషంలో అమ్మే పోయి ఓదార్సిందంట."

"ఏం చెప్పి ఓదార్సింది?"

"ఎవురికి తెలుసు! ఆ పిన్ను ఇట్లా ఇయ్యి."

పాళెగాడి పెండ్లాం మొగుడి కోసమే ఏడ్చిందని ఇన్నాళ్ళూ అనుకుంది నవీన. కొళాయి కింద తను ఏడ్చిన ఏడుపు గుర్తుకొచ్చి, ఏమో, ఆమెనెవరు అడిగారు కనుక అనుకుంది.

గడప దాటేముందు చంద్రకాంతమ్మ ఒక పళ్ళెం తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. పసుపు, కుంకుమ, పూలు, రవికగుడ్డ. "మేము గుడికి పోతాం. నువ్వు ఆటోలో కొర్లగుంటకు, ఆ ధరణి ఇంటికి పో. ఆ పిల్ల కాళ్ళైనా పట్టుకో. ఆడదాని కష్టం ఆడదానికి తెలుస్తాది. వెనక్కి తీసుకుంటానని ఒక్క మాట అనిపించుకోని రా."

ధరణి ఇల్లు సందు చివర. ఆ పిల్ల నవీన అనుకున్నదాని కంటే చిన్నది. తనెవరో నవీన చెప్పగానే ధరణి మొహంలో నెత్తురు లేకుండా పోయింది. ప్లాస్టిక్ కుర్చీ వేసి, చెంబుతో నీళ్ళిచ్చి, తను గోడకు ఆనుకుని నిలబడింది. గోడకు వీపు అట్లా ఆనించుకుని నిలబడడం నవీనకు బాగా తెలుసు.

"మీరు అడగాల్సిన పన్లేదక్కా," అంది ధరణి. "రేపు వెనక్కి తీసేసుకుంటా. సార్ అందరికీ ఫోన్లు చేసి చెప్తా ఉండాడంట, మీరు అన్నం మానేసి ఏడుస్తా ఉండారని. ఒక సంసారం ఉసురు మనకెందుకని మా నాయన కూడా అంటాండాడు. మీరు ఏడ్సొద్దక్కా."

వచ్చిన పని అయిపోయింది. తల ఊపి, పళ్ళెం ఇచ్చేసి లేచిపోతే చాలు. అత్త మెచ్చుకుంటుంది, మొగుడు మళ్ళీ పనికి పోతాడు. దగ్గు ఆగిపోతుంది. ఈ పిల్ల గోడకు ఆనుకునే ఉండిపోతుంది, పక్క బల్ల దగ్గర ఇంకో పిల్ల, ఇంట్లో తనూ. తల ఊపకపోతే ఏమవుతుందో కూడా నవీనకు తెలుసు. ఈ సాయంత్రం ఆ ఇంటి తలుపు తనకు తెరుచుకోకపోవచ్చు. చెంబు ఎత్తి నీళ్ళు మొత్తం తాగింది.

"పాపా, నేను అన్నం మానెయ్యలేదు. రెండు పూటలా కడుపునిండా తింటా ఉండా, నీ దయ వల్ల," అంది.

ధరణి అర్థంకాక చూసింది.

"నువ్వు రాసిచ్చినావే, అది నేను ఇన్నేళ్ళూ ఒక్కరి చేత కూడా నమ్మించలేకపోయినా. నాకు పిచ్చి లేదని నీ వల్లే తెలిసింది. ఈ పళ్ళెం నిన్ను బతిమలాడమని ఇచ్చి పంపినారు. నేను మాత్రం నీకు దండం పెట్టుకుందామని తెచ్చినా."

బొట్టు పెట్టింది. ఆ పిల్ల నుదురు చల్లగా ఉంది. ఇద్దరిలో ఎవరు ముందు ఏడ్చారో గానీ, కాసేపటికి ధరణి గోడ వదిలేసి కింద కూర్చుని, నవీన ఒళ్ళో తల పెట్టుకుంది. రేపు విచారణకు తనూ వస్తానని, పక్కనే కూర్చుని తన సంగతీ చెబుతానని నవీన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి ఆ పిల్ల నమ్మలేదు.

అప్పుడే ఫోను మోగింది. అవతల గుడి దగ్గర డప్పుల మోత, దాని మీద చంద్రకాంతమ్మ కేక.

"ఏమ్మే, ఆ పిల్ల ఒప్పుకుందా?"

"ఆ పిల్ల ఒప్పుకుంది అత్తా," అంది నవీన. "నేనే ఒప్పుకోలేదు."