డ్రైవరుగారి పసుపు గుడ్డ

డ్రైవరుగారి నల్లకారు మీద ఈగ వాలాలన్నా ఆయన అనుమతి తీసుకోవాలి. ఈ మాట ఆయన భార్య ఎగతాళికి అన్నది. ఆయన మాత్రం మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సిటీ బస్సులు నడిపి, ఊరందరి బురద చెప్పులూ భరించిన మనిషి. రిటైరయ్యాక కొనుక్కున్న ఆ కారుని కన్నబిడ్డలా చూసుకుంటున్నాడంటే వింతేం లేదు. కన్నబిడ్డల్ని అంత బాగా చూసుకున్నాడా అని అడిగితే మాత్రం ఆవిడ కాస్త ఆలోచించి జవాబు చెబుతుంది.

పొద్దున్నే లేవగానే మొహం కడుక్కోవడం తరవాతి సంగతి, ముందు పసుపు గుడ్డ అందుకునేవాడు. బస్సు అద్దాలు తుడిచిన రోజుల నాటి గుడ్డ అది. దాన్ని గాల్లో ఠప్పున విదిలించి, పోర్టికోలో నిలబెట్టిన కారుని గుండ్రంగా, ప్రేమగా, నాలుక కొస పళ్ళ మధ్య బిగబట్టి తుడిచేవాడు. నీళ్ళు పోసేవాడు కాదు. నీళ్ళు పోస్తే తుప్పు పడుతుందని ఆయన సిద్ధాంతం. రాత్రి పడిన దుమ్ము పొడిగుడ్డకే వచ్చేస్తుంటే ఇక నీళ్ళెందుకు? తుడవడం అయ్యాక కాస్త వెనక్కి జరిగి, బానెట్టులో తన మొహం తానే చూసుకుని మురిసిపోయేవాడు. పోర్టికోలో వెలుతురు అంతంతమాత్రం. కళ్ళజోడు ఇంట్లో ఎక్కడో ఉండేది.

ఆ కారుకి ఈ లోకంలో ఉన్న శత్రువల్లా ఎదురింటి టైలరుగారి పిల్లి. సందు దొరికితే చాలు, గోడ దూకి వచ్చి కారు టాపు మధ్యలో ముడుచుకుని పడుకునేది. ఒకసారి ఎండలో బండి తీసినప్పుడు బానెట్టు మీద సన్నసన్న గీతలేవో ఆయన కంట పడ్డాయి. ఇంకేముంది, వీధి దాటి వెళ్ళి టైలరుగారి మీద ఒంటికాలి మీద లేచాడు.

"మీ పిల్లి గోళ్ళు కత్తిరిస్తారా, నన్ను కత్తిరించమంటారా?" అన్నాడు.

"నా దగ్గరున్న కత్తెర గుడ్డలకే సార్, పిల్లులకి కాదు," అన్నాడు టైలరు, కుట్టుమిషను ఆపకుండానే.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. వీధిలో అందరికీ ఈ కథ తెలుసు. తెలియనివాళ్ళకి డ్రైవరుగారే పిలిచి మరీ చెప్పేవాడు.

ఆయన చిన్నకూతురు చేసే పని కూడా కార్లతోనే. ఓ పెద్ద వర్క్‌షాపులో పాలిష్ పని నేర్చుకుని, అక్కడ అందరి మెప్పూ పొంది, ఇప్పుడు సొంతంగా వీధి చివర షెడ్డు తెరుస్తోంది. ముదురు రంగు కార్ల మీద చుట్లుచుట్లుగా పడే సన్నటి గీతల్ని పోగొట్టి, కొత్తదానిలా మెరిపించడం ఆమె ప్రత్యేకత. ఈ మాట ఎవరికి చెప్పినా, "ఓహో, కార్లు కడుగుతావా అమ్మా?" అనేవారు. కన్నతండ్రి కూడా, "కడగడానికి షెడ్డెందుకే, బకెట్టు చాలదూ?" అన్నాడు. ఆ పిల్ల నెత్తి కొట్టుకుంది.

చెబితే అర్థం కానిది చూపిస్తే అవుతుందని ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. షెడ్డు తెరిచే రోజున గుమ్మం ముందు ఒక నల్లకారు పెడుతుంది. బానెట్టుకి నడిమధ్యన టేపు అంటించి, ఒక సగం ఉన్నదున్నట్టు వదిలేసి, రెండో సగం పాలిష్ పడుతుంది. వచ్చినవాళ్ళు తేడా కళ్ళారా చూస్తారు. కారు ఇస్తానన్న పెద్దమనిషి తీరా ముందురోజున కారేసుకుని ఊరెళ్ళిపోయాడు. భోజనాల దగ్గర కూతురు ముఖం వేలాడేసుకుని ఆ సంగతి చెప్పింది.

"నల్లకారే కదా నీక్కావలసింది? మనింట్లో లేదూ?" అన్నాడు డ్రైవరుగారు.

కూతురు తలెత్తి చూసింది. "నిజంగా ఇస్తావా నాన్నా? నీకు... పర్లేదా?"

"పర్లేదేంటే! గర్వంగా ఉంది. కారంటే ఎలా ఉండాలో జనానికి చూపించాలంటే నా కారుని మించింది ఏముంది? దాన్ని పెట్టి, ఇదిగో మా పనితనం ఇలా ఉంటుందని చెప్పుకో. నేనేం అనుకోను."

కూతురు తల్లికేసి చూసింది. తల్లి మాత్రం ఎప్పుడూ లేనంత శ్రద్ధగా పళ్ళెంలోకి చూస్తోంది.

ఆ మధ్యాహ్నమే డ్రైవరుగారు గుడ్డతో ఆఖరుగా ఓసారి తుడిచి, కారుని స్వయంగా నడిపి షెడ్డులో పెట్టాడు. కూతురు ముందు దాన్ని నురగనీళ్ళతో కడిగింది. నీళ్ళు పడ్డ చోటల్లా ఆయన ఒళ్ళు జలదరించింది. ఆరిన తరవాత ఆమె షట్టరు దించి, చేతిలో పట్టుకునే లైటు వెలిగించి బానెట్టు మీదికి వంచింది.

డ్రైవరుగారు కళ్ళు చిట్లించి వంగాడు. లైటు చుట్టూ సాలెగూడు అల్లినట్టు గీతలు, గీతల్లో గీతలు. నల్లరంగు నల్లగా లేదు, బూడిద రంగులో వెలవెలబోతోంది.

"ఇదేంటే?"

"గీతలు నాన్నా."

"లైటు అద్దం మీద ఉన్నాయేమో చూడు. తుడువు దాన్ని."

ఆమె లైటుని డోరు మీదికి జరిపింది. గూడు కూడా జరిగింది.

"చూశావా! లైటుతోపాటే తిరుగుతోంది! తప్పు లైటుదే!"

"గీతలు అంతటా ఉన్నాయి నాన్నా. లైటు ఎక్కడుంటే దాని చుట్టూ తిరిగినవే మెరుస్తాయి. అందుకే గూడులా కనిపిస్తుంది."

"అంతటా ఉన్నాయా? ఆ పిల్లి ఇంత పని చేసిందా!"

"పిల్లి డోరు హ్యాండిలు చుట్టూ కూడా గీసిందా నాన్నా?" అన్నది కూతురు చాలా మెల్లగా.

ఆయన విసురుగా లైటు లాక్కున్నాడు. పిల్లి పడుకునేది టాపు మీద. అక్కడ చూస్తే దొంగ దొరక్కపోతాడా? స్టూలు ఎక్కి, లైటు ఎత్తి పట్టుకున్నాడు. టాపు అంచుల వెంబడి అదే గూడు. మధ్యకి పోయేకొద్దీ గీతలు పలచబడ్డాయి. నడిమధ్యన, సరిగ్గా పిల్లి ముడుచుకుని పడుకునే చోట, ఒక్క గీత లేదు. ఆ చోటు నిగనిగలాడుతోంది. అందులో ఆయన మొహం కనురెప్పలతో సహా కనబడింది.

అసలే ఆయన పొట్టి మనిషి. ఎంత సాగినా చెయ్యి టాపు మధ్యకి అందదు. పసుపు గుడ్డ ఏనాడూ చేరని చోటు కారు మొత్తం మీద అదొక్కటే.

ఆయన స్టూలు దిగి, దాని మీదే కూర్చున్నాడు. టైరులోంచి గాలి తీసేసినట్టయింది ఆయన పని. "పొడిగుడ్డా?" అన్నాడు.

"గుడ్డ తప్పు కాదు నాన్నా, దుమ్ముది. దుమ్మంటే సన్నటి ఇసకే కదా. నీళ్ళు లేకుండా రుద్దితే గీసుకుంటూ పోతుంది."

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"పని నేర్చుకున్న కొత్తల్లోనే తెలిసింది. చెప్పాలనుకునేదాన్ని. పొద్దున్నే నువ్వు తుడుస్తూ అంత సంతోషంగా ఉంటావు, నోరు రాలేదు." ఆమె పక్కన కూర్చుంది. "పోనీ నాన్నా, మొత్తం చేసేస్తాను. ఎవరికీ తెలీదు. రేపు ఉత్త బోర్డు పెట్టుకుంటాలే. నిన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యలేను."

డ్రైవరుగారు ఆలోచనలో పడ్డాడు. సగం సగం చేసి గుమ్మం ముందు పెడితే, ఆ కారు ఎవరిదో వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. టైలరుకైతే ఇక పండగే. అలాగని మొత్తం మెరిపిస్తే తన పరువు దక్కుతుంది, కానీ వచ్చినవాళ్ళు "కడుగుతారా అమ్మా" అని పిల్లని పరామర్శించి పోతారు. ఎన్నాళ్ళో కష్టపడి నేర్చుకున్న పని ఎవరికీ అర్థం కాకుండానే షెడ్డు తెరుచుకుంటుంది.

"ఒక సగమే చెయ్యి," అన్నాడు చివరికి. "నేను చూస్తాను."

ఆమె నడిమధ్యన టేపు అంటించింది. స్పాంజి చక్రానికి శనగగింజంత పాలిష్ పేస్టు నాలుగు చోట్ల చుక్కలు పెట్టి, మిషను ఆన్ చేసింది. ఒకచోట నిలపకుండా, తొందరపడకుండా, అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి నడిపింది. మధ్యమధ్యలో ఆపి, రంగు వేడెక్కిందేమోనని చేత్తో తాకి చూసింది. గీత లోతు ఎంతో పై పూత అంతే అరగాలి, అంతకు మించితే రంగే పోతుందట. ఇంజను చప్పుడు వింటూ బండి నడిపినట్టే, ఆమె మిషను చప్పుడు వింటూ చెయ్యి నడుపుతోంది. ఆ చెయ్యి నడక ఆయనకి బాగా నచ్చింది. పేస్టు తుడిచేసరికి టేపుకి ఇవతల బూడిద గూడు, అవతల బావిలోని నీళ్ళంత నలుపు. ఇది కడగడం కాదని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మర్నాడు జనం బాగానే వచ్చారు. టీ తాగారు, షెడ్డుని ఎగాదిగా చూశారు. అనుకున్నట్టే ఒకాయన, "కార్లు కడుగుతావా అమ్మా?" అన్నాడు. కూతురు నోరు తెరిచేలోగా డ్రైవరుగారు స్టూలు మీంచి లేచాడు. బస్సులో టిక్కెట్టు లేనివాణ్ణి దిగమన్న గొంతుతోనే, "ఇలా రండి!" అని పిలిచి లైటు వెలిగించాడు.

"ఈ సగం నేను తుడిచింది. రోజూ పొద్దున్నే, ఈ గుడ్డతో." భుజం మీది పసుపు గుడ్డ తీసి చూపించాడు. "ప్రాణం పెట్టి తుడిచాను. పాడు చేశాను. ఆ సగం మా అమ్మాయి బాగుచేసింది. వంగి చూడండి, మీ మీసం కనిపిస్తుంది."

అడిగినాయన వంగాడు. మీసం సవరించుకున్నాడు. అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. ఆ వెంటనే ఒకరొకరుగా గేటు బయటికి వెళ్ళి తమ కార్లకేసి వంగి చూసుకోవడం మొదలుపెట్టారు. వెనక్కి వచ్చేటప్పుడు ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. "అమ్మా, మాది ముదురు నీలం. ఎప్పుడు తీసుకురమ్మంటావు?" అని అడిగాడు మీసాలాయన. కూతురు జవాబు చెబుతూనే తండ్రికేసి చూసింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, నోరు నవ్వుతోంది. డ్రైవరుగారు తనకి తల కొట్టేసినట్టుంటుందనుకున్నాడు గానీ, ఛాతీ రెండంగుళాలు పెరిగినట్టుంది.

అప్పుడే టైలరు లోపలికొచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. డ్రైవరుగారు స్టూలు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర వేశాడు. టైలరు ఎక్కి టాపు చూశాడు.

"మధ్యలో భలే ఉందే. అమ్మాయి చేసిందా?"

"కాదు. మీ పిల్లి చేసింది," అన్నాడు డ్రైవరుగారు. "కారు మొత్తంలో బాగున్న చోటు అదొక్కటే. నేను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. మీరే దానికి చెప్పాలి."

"నేను చెబితే వినదు సార్. మీరే వచ్చి చెప్పుకోండి," అన్నాడు టైలరు, పగలబడి నవ్వుతూ స్టూలు మీంచి పడబోతూ. డ్రైవరుగారే పట్టుకున్నాడు.

నాలుగు రోజులు గుమ్మంలో నిలబెట్టాక, కారు మొత్తానికీ పాలిష్ పట్టి ఇంటికి పంపింది కూతురు. పసుపు గుడ్డ షెడ్డులోనే మేకుకి వేలాడుతోంది, వచ్చినవాళ్ళకి చూపించడానికి. మర్నాడు పొద్దున్నే డ్రైవరుగారు కళ్ళజోడు పెట్టుకుని, కూతురిచ్చిన రెండు బకెట్లూ చేతికి వేసుకునే మెత్తటి తొడుగూ పట్టుకుని పోర్టికోలోకి వచ్చాడు. ఒక బకెట్టులో నురగనీళ్ళు, ఇంకో దాంట్లో తొడుగు జాడించుకోవడానికి మంచినీళ్ళు. టాపు మధ్యలో పిల్లి ముడుచుకుని నిద్రపోతోంది.

"నీ పని నువ్వు కానీయ్," అని, దాని మీద చుక్క నీరు పడకుండా చుట్టూ కడగడం మొదలుపెట్టాడు.