ఏ గ్రూపైనా సరే

నాది ఓ నెగటివ్. ఆ రక్తం ఎవరికైనా ఎక్కించవచ్చు. నాకు మాత్రం ఓ నెగటివే కావాలి. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో నా పేరు ‘బ్యాంకు’. అన్నయ్య బండి మీద నుంచి పడితే నేను, వదిన కాన్పుకు నేను, వదిన తమ్ముడికి కడుపులో పుండైతే కూడా నేనే. పదకొండుసార్లు రక్తమిచ్చే మంచం మీద పడుకున్నాను. ఒక్కసారైనా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. పాపం, వాళ్ళు రోగి దగ్గర ఉండాలి కదా!

ఇప్పుడు నాకే గర్భసంచి ఆపరేషన్ వచ్చిపడింది. ఆసుపత్రిలో నాకు సరిపడే రక్తం ఒక్క సంచీ ఉంది. అది నాకివ్వాలంటే బదులుగా నా తరఫున ఎవరో ఒకరు రక్తం ఇవ్వాలి, ఏ గ్రూపైనా సరే. అక్కడి పద్ధతి అది. గురువారం దాటితే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు.

అన్నయ్యకు ఫోన్ చేశాను.

“నాది ఏ పాజిటివ్ కదే! నీకు ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది.”

“నాకెక్కించరు అన్నయ్యా. నీది ఇంకెవరికో వెళ్తుంది. నాకు వాళ్ళ దగ్గరున్నది ఇస్తారు.”

“అవన్నీ వాళ్ళు చెప్పే కబుర్లు. సంచీలు తారుమారైతే? తెలిసి తెలిసి చెల్లెల్ని చంపుకోమంటావా?”

మూడుసార్లు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అర్థం కాక కాదు, సూదంటే హడలు. ఆ హడలుకి ప్రేమని పేరు పెట్టుకున్నాడు మహానుభావుడు.

చివరికి ఇచ్చిందెవరో తెలుసా? నేను చొక్కాలు కుట్టే చోట ఇస్త్రీ చేసే మనిషి. కాలర్లు మాడుస్తున్నాడని రోజూ నా చేత తిట్లు తినే మనిషి. సంగతి ఎవరి ద్వారానో విని, గురువారం పొద్దున్నే, అడగకుండానే వచ్చాడు.

“మీరు లేకపోతే నన్నెవరు తిడతారమ్మా?” అంటూ చొక్కా చెయ్యి మడిచాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు కళ్ళు తెరిచేసరికి పక్కన అన్నయ్య. చేతిలో యాపిల్ పళ్ళు, కళ్ళనిండా నీళ్ళు. నిజం చెప్పొద్దూ, నా మనసు కరిగింది. ఎంతైనా తోడబుట్టినవాడు.

“బతికి బయటపడ్డావు, అదే పదివేలు” అన్నాడు. నా చెయ్యి పట్టుకుని, మోచేతి మడతలోని పాత సూది మచ్చల మీద నెమ్మదిగా నిమిరాడు.

“మళ్ళీ ఎప్పట్నుంచి ఇవ్వొచ్చన్నారే? నా మోకాలి ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. బదులుగా ఒకర్ని తెచ్చుకోమన్నారు. ఏ గ్రూపైనా సరేనట.”