చెరిసగం నోరు

దేవరకొండలో పదిహేనేళ్లుగా పళ్ల దవాఖాన నడుపుతున్నాను. నా దగ్గర రెండేళ్లు పనిచేసి, చిగుళ్ల పని నా చేతి కిందే నేర్చుకున్న మనీష, మొన్న ఉగాదికి బస్టాండు దగ్గర సొంత దవాఖాన తెరిచింది. అల్ట్రాసోనిక్ మిషను పెట్టింది. దాని మొన కంటికి కనిపించనంత వేగంగా వణుకుతూ, నీళ్లు చిమ్ముతూ పళ్లకు గట్టిగా పట్టిన గారను రాల్చేస్తుంది. నేను గంటసేపు చేత్తో గీకే పని అద్దగంటలో అయిపోతుంది. ఊరంతా అటే పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మిషనుకేం తెలుసు? పంటి వేరు మీద గార గరుకుగా తగలడం, నున్నబడడం నా వేళ్లకు తెలుస్తుంది. ఈ మాట అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను.

ఒకరోజు పల్లీల వ్యాపారి బుచ్చయ్య వచ్చాడు. నా మొదటి పేషెంట్లలో ఒకడు. బ్రష్ తగిలితే చాలు, చిగుళ్ల నుంచి రక్తం కారేది. నోరు తెరిపించి చూద్దును కదా, కుడివైపు గార పేరుకుపోయి ఉంది, ఎడమవైపు శుభ్రంగా ఉంది.

"ఎడమ దిక్కు నిన్న మనీషమ్మ కాడ చేయించిన. కుడి దిక్కు మీరు చెయ్యున్రి," అన్నాడు. "ఇద్దరు మనోళ్లే. ఒక్కల కాడికే పోతే ఇంకొకలు మనసుల పెట్టుకుంటరు."

పెళ్లిపత్రికలు పంచినట్టు నోరు పంచుకొచ్చాడు. కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా ఆశ పుట్టింది. ఎవరి పని గొప్పదో ఒకే నోట్లో తేలిపోతుంది. మత్తిచ్చి, నా మెడ పట్టేసేదాకా గంటన్నర గీకాను.

ఆరు వారాలకు కొలతలు తీయడానికి రమ్మన్నాను. చిగురుకూ పంటికీ మధ్య సందులోకి గీతలున్న సన్నటి పుల్ల దించి నేను అంకె చెబితే, అసిస్టెంటు మమత కార్డులో రాస్తుంది. మూడు మిల్లీమీటర్లు దాటకపోతే జబ్బు తగ్గినట్టే. కుడివైపు అన్నీ రెండు, మూడు. గర్వంగా చెప్పాను. ఎడమవైపూ రెండు, మూడే. రక్తం చుక్క లేదు. చివరి దవడ పన్ను వెనక, నా పరికరం సరిగ్గా చొరని మూలలో కూడా మూడే.

"అయిదు," అన్నాను.

మమత రాసింది.

"అంటే గాడ ఇంక తగ్గలేదా?" అన్నాడు బుచ్చయ్య.

"లేదు."

"అయితే మీరే మళ్ల గీకున్రి డాక్టరమ్మా. నొప్పైనా ఓర్సుకుంట." కళ్లు మూసుకుని నోరు తెరిచాడు.

పరికరం తీసుకున్నాను. చిగురు గులాబీరంగుకు తిరిగి, పంటిని గట్టిగా పట్టుకుని ఉంది. నేను గీకితే పుండవుతుంది.

"మమతా, అయిదు కొట్టెయ్. మూడు రాయి." పరికరం ట్రేలో పెట్టేశాను. "మనీష మంచిగనే చేసింది సేటూ. నా పని కంటే ఏం తక్కువ లేదు. కడుపుమంటతోని అబద్ధం చెప్పిన."

తిడతాడనుకున్నాను. కండువాతో మూతి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"మా ఇంటామెకు గూడ చిగుళ్లు వాసినయి," అన్నాడు చివరికి. "దవడ నొప్పి, ఎక్కువసేపు నోరు తెర్వలేదు. ఎవల కాడికి తీస్కపోవాలె? గీసారన్న సక్కగ చెప్పున్రి."

మమత నా వైపే చూస్తోంది.

"మనీష కాడికి," అన్నాను. ఎంత మెల్లగా అన్నానో ఏమో, బుచ్చయ్య మళ్లీ అడిగాడు. ఈసారి గట్టిగా చెప్పాను.